నవ్వని మనిషి

బిందు పెరట్లో ఒంటరిగా కూర్చుని నవ్వుతోంది.

ఇరవై మూడేళ్ళ పిల్ల, రాజోలులో బడిపిల్లలకు పాఠాలు చెప్పే టీచరు, ఎదురుగా మనిషి లేకుండా అలా పొట్ట పట్టుకుని నవ్వితే తల్లికి ఏమనిపిస్తుంది? నాకు ముందు జ్వరం తలకెక్కిందేమో అనిపించింది. తర్వాత అంతకంటే పెద్ద జబ్బే అనిపించింది. చేతిలో పుస్తకం ఉంది. అట్ట మీద నల్ల కళ్ళజోడు అమ్మాయి, పక్కన పెట్టుడు మీసం అబ్బాయి.

"ఎవరిచ్చేరే?" అన్నాను.

"తెలీదమ్మా. చర్చి దగ్గర స్కూటీ సీటు మీద పెట్టి వెళ్ళేరు. నా క్రిస్మస్ ఫ్రెండ్ అయ్యుంటారు."

మా చర్చిలో డిసెంబరు మొదటి ఆదివారం యూత్ వాళ్ళు చీటీలు తీస్తారు. ఎవరి పేరు వస్తే వాళ్ళ కోసం పండగదాకా ప్రార్థన చెయ్యాలి, గుట్టుగా చిన్న చిన్న కానుకలు పెట్టాలి. ఇచ్చిందెవరో క్రిస్మస్ ఆరాధన అయ్యాకే బయటపెట్టాలి. ఇన్నేళ్ళూ సబ్బుపెట్టెలు, వాక్యం రాసిన కప్పులు ఇచ్చుకున్నారు. నవల ఇచ్చినవాళ్ళు లేరు.

నా అసలు భయం వేరే. సోమవారం రామచంద్రపురం నుంచి సంబంధం వాళ్ళు మాట తీసుకోవడానికి వస్తున్నారు. ఏం చెప్పమంటావని బిందుని అడిగితే, ఈ పుస్తకం ఇచ్చిందెవరో తెలిశాకే చెబుతాను, అప్పటిదాకా అడగొద్దంది. అది ఒకసారి అంటే అన్నట్టే. నా కూతురే కదా.

పండగదాకా ఆ సంబంధం ఆగదు. అందుకని ఆదివారానికల్లా ఆ మనిషిని నేనే పట్టుకోవాలనుకున్నాను. మా ఆయన కృపారావు గారు మాత్రం, పండక్కి వాళ్ళే చెబుతారుగా అని పేపరు తిరగేశారు. ఆయనకు భయం తెలియదు. ఆయన వాటా కూడా నేనే పడుతుంటాను.

నేను చదివింది ఏడో తరగతి. అయినా బిందు బడికెళ్ళగానే పొయ్యి మీద పప్పు పడేసి పుస్తకం తెరిచాను. ఒక అమ్మాయి, ఒక అబ్బాయి, పదో తరగతి పిల్లలు. గూఢచారులట. విగ్రహాలు దొంగిలించే ముఠాను పట్టుకోవడానికి పెళ్ళిలో వంటవాళ్ళలా చేరతారు. వడ్డించేటప్పుడు అబ్బాయి పెట్టుడు మీసం ఊడి పప్పుచారులో పడుతుంది. పెళ్ళికొడుకు మేనమామ దాన్ని విస్తట్లోంచి తీసి ఇదేమిటని అడిగితే, "అది మా స్పెషల్ కరివేపాకండీ" అంటాడు.

నేను నవ్వుతూనే ఉన్నాను, పొయ్యి మీద పప్పు మాడిపోయింది. ఆ పిల్లలిద్దరూ దొంగల గోడౌనులో ఇరుక్కునే చోట మటుకు నాకు భయం పట్టుకుంది. ఇళ్ళ దగ్గర తల్లులు ఉన్నారన్న ధ్యాసే లేదు వాళ్ళకి, ఒక్క ఫోన్ అయినా చెయ్యరు. ఆఖరి అధ్యాయం మిగిలి ఉండగా బిందు వచ్చి పుస్తకం పట్టుకుపోయింది.

పోతే పోయింది, నాకు ఉపాయం దొరికింది. ఆ మీసం మాట పదిమందిలో అంటే, పుస్తకం చదివినవాళ్ళకే నవ్వొస్తుంది.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో ప్రేమవిందు, అందరూ కలిసి తినే భోజనం. వడ్డన యూత్ వాళ్ళదే. పప్పుచారు బకెట్టు జోజి చేతిలో ఉంది. గోదావరి ఒడ్డున దిండి రిసార్టులో ఉద్యోగం, చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. ఈస్టరు నాడు పాట మధ్యలో ఆపి, బిందుగారు శ్రుతి తప్పేరని అందరి ముందూ అన్నాడు. అప్పట్నించి ఇద్దరికీ మాటల్లేవు. బిందు వాణ్ణి 'శ్రుతిగారు' అంటుంది. అందుకే వాణ్ణి నేను లెక్కలోకే తీసుకోలేదు.

భోజనాల బంతి మధ్య నిలబడి కాస్త గట్టిగానే అన్నాను. "చూసి వడ్డించండి బాబూ, చారులో మీసాలు పడగలవు."

యూత్ అంతా గొల్లుమన్నారు. పాస్టరుగారు కూడా నవ్వారు. స్పెషల్ కరివేపాకండీ అని ఎవరో అందుకున్నారు. బిందు చదివి ఇవ్వగా ఆ పుస్తకం అప్పటికే యూత్ అందరి చేతులూ తిరిగొచ్చిందనీ, బిందు చదువుతున్నది రెండోసారనీ పాస్టరమ్మగారు చెప్పేసరికి నా ఉపాయం కాస్తా నీరుగారిపోయింది.

అప్పుడు చూశాను. అంతమందిలో ఒక్కడు మాత్రం నవ్వలేదు. బకెట్టు పట్టుకుని నిలబడి, బిందు నవ్విందా లేదా అని చూస్తున్నాడు. అది పడీ పడీ నవ్వుతోంది. అది నవ్వేకొద్దీ జోజి మొహం వెలుగుతోంది.

చేతులు కడుక్కునే కుళాయి దగ్గర వాణ్ణి ఆపాను.

"ఆ పుస్తకం పెట్టింది నువ్వేనా?"

"ఆయ్" అన్నాడు, అబద్ధం నోటికి రాక. "పండగదాకా చెప్పకూడదండీ ఆంటీగారూ."

"నువ్వు ఆగగలవు. రామచంద్రపురం వాళ్ళు ఆగరు. రేపు బిందుకి మాట తీసుకోవడానికి వస్తన్నారు."

వాడు బకెట్టు కింద పెట్టేశాడు. నా వెనక ఎంగిలి పళ్ళెంతో బిందు నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో.

"శ్రుతి తప్పినోళ్ళకి పుస్తకాలు కూడా ఇస్తారేటండీ?" అంది.

జోజి కుళాయి వైపు చూస్తూ చెప్పాడు. "ఆ రోజు తప్పింది మీరు కాదండీ. మీరు పాడతా ఉంటే నా వేళ్ళే తప్పేయి. కంగారులో మీ పేరు చెప్పేసేను. అప్పట్నించీ మిమ్మల్ని ఎలా నవ్వించాలా అని చూస్తన్నానండీ. మీ చీటీ నాకే రావాలని ప్రార్థన కూడా చేసేను."

బిందు నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది. "తప్పింది మీరేనని వచ్చే ఆదివారం మైకులో చెప్పండి. అప్పుడు ఆలోచిస్తాను."

"చెబుతానండీ."

దాని చెవులు ఎర్రబడ్డాయి. నా వైపు తిరిగి, "అమ్మా, రామచంద్రపురం వాళ్ళని రావద్దని చెప్పెయ్యి" అంది.

రిసార్టు ఉద్యోగం, గోదావరిలో పడవలు, వరదలు, తెలియని అత్తగారు. భయపడడానికి నాకు చాలానే ఉన్నాయి. అయినా తన తప్పు తనే ఒప్పుకున్న పిల్లాణ్ణి వదులుకోవడం వాటన్నిటికంటే పెద్ద భయంలా తోచింది.

"రేపు సాయంత్రం మీ అమ్మగారిని తీసుకుని ఇంటికి రా" అన్నాను.

"ఆయ్ అండీ." బకెట్టు ఎత్తుకుని కదిలాడు.

"జోజీ, ఆగు. ఆ పుస్తకంలో పిల్లలిద్దరూ గోడౌనులోంచి క్షేమంగా బయటపడ్డారా?"

వాడు అప్పుడు నవ్వాడు. "చెప్పకూడదండీ."

ఇంటికి రాగానే రామచంద్రపురానికి ఫోన్ చేసి మర్యాదగా, గట్టిగా చెప్పేశాను. తర్వాత బిందు చేతిలోంచి పుస్తకం లాక్కుని వీధి అరుగు మీద కూర్చున్నాను. ఆ పిల్లలు ఇల్లు చేరేదాకా ఈ ఇంట్లో ఎవరికీ అన్నం లేదని మా ఆయనకు వినపడేలా చెప్పాను.