సగం తప్పే డైనమోది

"మీరు అమ్మిన బ్యాటరీలు బోగస్ మేడమ్. ఆర్నెల్లకే చచ్చినయ్."

సరిహద్దు ఊరు కొంటలో హైవే పక్కన కొత్తగా పెట్టిన ఆటో ఎలక్ట్రికల్ షాపు అది. ఓల్టు మీటర్ తుడుచుకుంటున్న అమ్మాయి తలెత్తి నన్ను తీరిగ్గా చూసింది. ఆమె పేరు స్టెల్లా. వాళ్ల నాన్న దేవరాజు గారు కిరండూల్ లైన్లో రైల్వే ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యారు.

"బ్యాటరీలు సరే, లారీ ఏదండీ?"

"లారీ ఎందుకు?"

"జ్వరమొచ్చినోడిని ఇంట్లో వదిలేసి థర్మామీటర్ మీద కేసు పెడతారేటి?"

నాకు ఒళ్లు మండింది. మాది కిరాణా కుటుంబం. నేను, అంటే చక్రి, తాతగారి కాలం డీజిల్ లారీలో ఎర్రబోరు, బాసగూడ సంతలకు సరుకు తిప్పుతాను. ఆ లారీని ఎవరైనా ఒక్క మాటంటే ఊరుకోను. స్టాండులో డ్రైవర్లందరికీ ఈ షాపు బ్యాటరీలు బోగస్ అని నెలక్రితమే చెప్పేశాను కూడా.

అయినా లారీ తెచ్చాను. తోసి స్టార్ట్ చేయడానికి నలుగురు కావలసి వచ్చారు.

స్టెల్లా ఇంజన్ ఆన్‌లో ఉంచి, లైట్లన్నీ వేయించింది. మీటర్ పెట్టింది. కనుబొమలు ముడిచింది. మళ్లీ పెట్టింది.

"డైనమో దగ్గర ఇరవై ఏడు ఓల్టులు. బ్యాటరీల దగ్గర ఇరవై నాలుగే. దార్లో మూడు ఎవరు తింటున్నారండీ?"

అలా అడుగుతున్నప్పుడు ఆమె కళ్లు చూడాలి. దొంగ ఎవరో తెలిస్తే తప్ప భోజనం చేయనన్నట్టుంది. కోపం సంగతి మరిచిపోయి నేనూ పక్కనే వంగాను.

"ప్లస్ వైరు తింటాందేమో?"

"చూద్దాం." మీటర్ రెండు కొసలూ ఆ వైరు చివర్లకు ఆనించింది. సున్నా. "ఇది మంచిదే." తర్వాత ఇంజన్ బాడీకీ, బ్యాటరీ మైనస్‌కీ ఆనించింది. మూడు.

"ఎర్త్!" అన్నాం ఇద్దరం ఒకేసారి. ఆమె నవ్వింది. చినుకులు మొదలైనా నేను కదల్లేదు.

ఎర్త్ వైరు బోల్టు విప్పింది. కింద ఇనుము కనబడలేదు. దట్టంగా, మెరుస్తూ వెండి రంగు ఉంది.

"ఏటిది? ఎర్త్ కింద పెయింటేశారా? కరెంటెలా పోతాది? ఎవరి పని?"

ఆయుధపూజకు ముందు ఇంజన్‌కీ ఛాసిస్‌కీ రంగు వేసేది నేనే. బోల్టులు విప్పి మరీ వేస్తాను. ఆ బ్రష్ ఇంకొకరిని ముట్టనివ్వను.

"ఎవడో పెయింటరు" అన్నాను.

ఆమె నమ్మింది. నాకే సిగ్గేసింది.

"సగం తప్పు డైనమోది కూడా. పాతది, ముప్ఫై అయిదు ఆంపియర్లు ఇస్తాది. మీరేమో ఎనిమిది ఫాగ్ లైట్లు, ఫ్యాను, టేపు, లక్ష్మీదేవి ఫొటో చుట్టూ సీరియల్ బల్బులు. లారీయా, పెళ్లిపందిరా?"

"పెళ్లికి పనికొస్తదని."

"ఎవరి పెళ్లికి?"

రెండ్రోజుల్లో ఆమె పాత డైనమో బదులు అరవై అయిదు ఆంపియర్ల ఆల్టర్నేటర్ తెప్పించి, దానికి సరిపడే బ్రాకెట్ చేయించి, లావు వైరు, కొత్త బెల్టు వేసింది. నేను స్పానర్లు అందిస్తూ రోజంతా అక్కడే ఉన్నాను. సంతకు సరుకు మా నాన్న ఆటోలో పంపుకున్నాడు.

పని అయ్యాక దేవరాజు గారు టీ ఇచ్చారు.

"మా ఆఖరి గిరాకీ నువ్వే బాబూ. ఒకటో తారీకున షట్టర్ దించేసి కిరండూల్ వెళ్లిపోతాం. మా బ్యాటరీలు బోగస్ అని ఎవడో చెప్పాడంట. నెల్నుంచి ఒక్క లారీ రాలేదు."

స్టెల్లా తల వంచుకుని పనిముట్లు సర్దుతోంది. నేను టీ గ్లాసు అక్కడే పెట్టి లేచాను.

మర్నాడు పొద్దున్నే స్టాండులో పదకొండు మంది డ్రైవర్ల మధ్య నిలబడ్డాను. "బ్యాటరీల తప్పు లేదు. ఎర్త్ కింద రంగేసింది నేనే. ఆ పిల్ల షాపును ఉత్తపుణ్యానికి బద్నాం చేసిన" అన్నాను. తెలుగులో చెప్పి, మళ్లీ హిందీలో చెప్పి, ఈ అడవి పల్లెల దోర్లీ భాషలో వచ్చీరాని మాటలతో కూడా చెప్పాను.

అందరూ విరగబడి నవ్వారు. హిడ్మా అనే డ్రైవర్ ఒక్కడే నవ్వలేదు. తన లారీ బానెట్ ఎత్తి లోపలికి చూశాడు.

"మొన్న దసరాకి నేనూ గట్లనే వేసిన కదా" అన్నాడు మెల్లగా.

గంటలో ఆరు లారీలు ఆ షాపు ముందు వరసగా నిలబడ్డాయి. నేను స్టాండులో అన్నదంతా డ్రైవర్లే ఆమెకు చెప్పేశారు. స్టెల్లా ఉప్పుకాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది.

"పెయింటరు గారూ, గీకండి. మొన్న అబద్ధం చెప్పినందుకు చాలా కోపంగా ఉంది నాకు."

"ఉండనీ. నువ్వు మాత్రం పోవద్దు స్టెల్లా. లారీల కోసం కాదు. నువ్వు పోతే నాకు బాధైతది."

ఆమె మీటర్ తీసుకుని పక్క లారీ దగ్గరికి వెళ్లింది. నేను నాలుగో లారీ కింద ఉండగా వంగి చూసింది.

"షాపు సంగతి నాన్నకి నేను చెప్తాను. నా సంగతి మాత్రం నువ్వే చెప్పాలి."

మొదటిసారి నన్ను ‘నువ్వు’ అంది. చేతులైనా కడుక్కోకుండా దేవరాజు గారి దగ్గరికి నడిచాను.