వాటా దిన్నె

ఊరి చివర మట్టి రోడ్డు అయిపోయి ముళ్లపొదలు మొదలయ్యే చోట ఒక దిన్నె ఉంది. పగలు చూస్తే ఏమీ ఉండదు. ఎర్రమట్టి, నాలుగు రాళ్లు, పక్కనే వాననీళ్లు కోసిన లోతైన గుంట. కానీ పొద్దు వాలాక అటు వెళ్లి రమ్మంటే, మీసం మెలేసే మగాళ్లకి కూడా ఉన్నట్టుండి కడుపునొప్పి వచ్చేది.

దాని పేరు వాటా దిన్నె.

అక్కడ మామూలుగా నడిచిపోతే ఏమీ కాదట. పాట పాడుకుంటూ పోయినా కాదట. కానీ తుపాకీ పేలిందా... ఎవరో వస్తారు. అడుగుల చప్పుడు ఉండదు. ఊపిరి మాత్రం వినపడుతుంది. వెనక్కి తిరిగి చూసినవాళ్లకి మోకాళ్ల ఎత్తులో రెండు పచ్చని వెలుగులు కనిపించాయంటారు. మోకాళ్ల మీద నడిచే ఆడదని ఒకరన్నారు. కాదు, తల కోసి చేతిలో పట్టుకొస్తుంది, అందుకే కళ్లు అంత కిందకి ఉంటాయని ఇంకొకరన్నారు. చూడనివాళ్లే ఎక్కువ వివరంగా చెప్పేవాళ్లు.

ఆ దిన్నెతో బాగా పని ఉన్నది మాత్రం ఒక్క ఇంటికే. వేటగాడి ఇల్లు.

అతను కొట్టుకొస్తే పెళ్లాం కోసేది. ఇంటి వెనక గదిలో సిమెంటు అరుగు, పైన ఇనప కొక్కేలు, కింద చిన్న కాలవ, గోడకి ఆనించి మూత సరిగ్గా పడని ఫ్రీజరు. ఆమె చెయ్యి పడితే జింక తోలు చొక్కా విప్పినట్టు ఊడొచ్చేది. అందుకే వీధంతా ఆమెని కత్తి వదిన అనేది. కొందరు కుర్రాళ్లు ఆ మాట వంకరగా అనబోయి, ఆమె చేతిలో ఉన్నది చూసి తిన్నగా అనడం నేర్చుకున్నారు.

వాళ్లకి ఒక పద్ధతి ఉండేది. కొట్టిన జంతువుని దిన్నె మీదే పొట్ట చీల్చి, పేగులూ అవీ అక్కడే వదిలేసి రావాలి. మొదట్లో మోసే బరువు తగ్గుతుందని చేసిన పని అది. కానీ తెల్లారి వెళ్లి చూస్తే అక్కడ రక్తం మరక కూడా మిగిలేది కాదు. నాకినట్టు శుభ్రంగా ఉండేది. అప్పుడు పట్టుకుంది భయం. భయం మెల్లగా మొక్కుబడి అయింది.

"దాని వాటా దానికి పెట్టండ్రా," అనేది ముసలి అత్త. "పెట్టకపోతే ఇంటికొచ్చి అడుగుతుంది."

పెట్టారు. ఏళ్ల తరబడి పెట్టారు.

ఈలోగా అడవి ఎలా తరిగిపోయిందో కత్తి వదిన అరుగు చూస్తే తెలిసేది. పెళ్లయిన కొత్తలో అన్నీ కొమ్ములున్న మగవే వచ్చేవి. కొక్కేనికి తగిలిస్తే కాళ్లు నేలకి రాసుకునేవి. తర్వాత ఆడవి వచ్చాయి. కోస్తుంటే పొదుగులోంచి పాలు కారి, రక్తంలో కలిసి, కాలవలో పడి పోయేవి. ఆ తర్వాత పిల్లలు. వేటగాడు బలిసినవి ఏరి ఏరి కొట్టాడు. కుంటివీ రోగిష్టివీ వదిలేశాడు. మిగిలిన మంద వాటి సంతానంతోనే చిక్కిపోయింది.

"ఇదేంటి, కుందేలా?" అంది ఒకరోజు.

"జింకే."

"మన పిల్లి దీనికంటే బరువుంటుంది కదయ్యా."

"నోరు మూసుకుని కొయ్యి."

ఆ రోజే అతను మొదటిసారి వాటా వదల్లేదు. ఉన్నదే పిసరంత, మళ్లీ అందులో దానం కూడానా అని పొట్టతో సహా భుజాన వేసుకొచ్చాడు. అత్త గడపలోనే గుండెలు బాదుకుంది.

"దాని నోటికాడ కూడు లాక్కొచ్చావు కదరా! అది ఊరుకుంటుందా?"

ఊరుకోలేదు.

కొన్నాళ్లకే ఎదురింటి కుక్క పోయింది. మొరగలేదు. గొలుసు ఉంది. గొలుసు చివర మెడపట్టీ కూడా ఉంది... కుక్క లేదు. తర్వాత ఎవరిదో మేక పోయింది. తర్వాత ఒక రాత్రి కత్తి వదిన చంటిపాపకి పాలిస్తూ వెనక గది వైపు చెవి పెట్టింది. తలుపు కింది సందులోంచి ఎవరో వాసన పీలుస్తున్నారు... గట్టిగా, నిదానంగా... లోపలున్నదాన్ని కొలుస్తున్నట్టు.

పాప నోరు చేత్తో మూసి, తెల్లారేదాకా అలాగే కూర్చుంది.

పొద్దున్నే మొగుడితో ఒకటే మాట అంది. "వెళ్లి ఏదో ఒకటి కొట్టి ఆ దిన్నె మీద పడేసి రా. ఎలుకైనా సరే. ఇంట్లో పసిపిల్ల ఉంది."

అతను సాయంత్రం తుపాకీ తీసుకుని వెళ్లాడు. దీపాలు పెట్టేవేళ అయింది. అన్నాలు తినే వేళ అయింది. రాలేదు.

వదిన పాపని అత్త ఒళ్లో పడేసి, గోడకున్న మామగారి పాత తుపాకీ దించి, గుప్పెడు తూటాలు బొడ్డున దోపుకుంది. ఆయన బతికున్నప్పుడు ఆమెకి కాల్చడం నేర్పాడు. మరిది టార్చి పట్టుకుని వెనకాలే బయల్దేరాడు, కాళ్లీడ్చుకుంటూ.

"వదినా, అన్న ఏ స్నేహితుడింట్లోనో కూర్చుని ఉంటాడు."

"అయితే నువ్వు ఆ స్నేహితుడింటికి వెళ్లు. నేను దిన్నె దగ్గరికి వెళ్తాను."

"ఒక్కదాన్నే ఎలా పంపిస్తాను?" అన్నాడు. ఒక్కడూ వెనక్కి వెళ్లాలంటే అతనికి ఇంకా భయం.

రోడ్డు అయిపోయింది. పొదలు మొదలయ్యాయి. కీచురాయి కూడా అరవడం లేదు.

చీకట్లో మనిషిని వెతకడానికి వేటగాళ్లకి ఒక పద్ధతి ఉంది. అరుపు గాలికి కొట్టుకుపోతుంది. అందుకని ఒక తూటా అడుగుతుంది, ఒక తూటా పలుకుతుంది.

వదిన ఆకాశంలోకి కాల్చింది. అడిగింది.

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత దూరంగా, దిన్నె అవతల నుంచి... ఢాం.

"ఉన్నాడు!" అంది.

అప్పుడే వాళ్ల వెనక ఒక గులకరాయి దొర్లింది.

మరిది ఆమె చీర కొంగు పట్టుకున్నాడు. "వదినా... వచ్చింది."

"నడు."

నడిచారు. దారి అర్థంకాక మళ్లీ కాల్చింది. మళ్లీ పలికాడు. ఈసారి కాస్త దగ్గర. కానీ ఊపిరి చప్పుడు ఇప్పుడు వెనక లేదు, పక్కన ఉంది. పొదల చాటున, వాళ్లతో సమానంగా నడుస్తోంది. మరిది టార్చి అటు తిప్పాడు.

మోకాళ్ల ఎత్తులో రెండు పచ్చని వెలుగులు.

అవి ఒక్క క్షణం ఇటు చూసి, ముందుకు తిరిగాయి. వీళ్లతో పని లేనట్టు సాగిపోయాయి.

"మనల్ని ఏమీ చెయ్యలేదు..." మరిది గొంతు లేచింది. "ఎటు పోతోంది వదినా?"

ఇంట్లో కత్తి నూరగానే ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చే పిల్లి గుర్తొచ్చింది వదినకి.

"పలికిన వైపు," అంది. "అది దెయ్యం కాదురా. తుపాకీ చప్పుడంటే దానికి అన్నం గంట. ఇన్నేళ్లూ కొసరి కొసరి పెట్టి మనమే నేర్పాం. నేను అడుగుతున్నాను... ఆయన పలుకుతున్నాడు... అది వెళ్తోంది."

"ఇంక కాల్చకు వదినా. నీకు దణ్ణం పెడతాను, కాల్చకు."

కాల్చలేదు. ఇద్దరూ వేగంగా నడిచారు.

ఢాం.

అతనే. ఇప్పుడు అతను అడుగుతున్నాడు. ఎక్కడున్నారు?

వదిన పెదవి కొరుక్కుంది. నడిచింది.

ఢాం. వెంటనే మళ్లీ ఢాం. ఎక్కడున్నారు? వెళ్లిపోయారా?

జవాబు చెప్పడానికి తుపాకీ చేతిలోనే ఉంది. చెప్తే అతను మళ్లీ పలుకుతాడు. చెప్పకపోతే వదిలేసి పోయారనుకుంటాడు. మరిది తన చొక్కా అంచు నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నాడు. వదిన ఏడవలేదు. ముళ్లు చీరని పీకుతుంటే పీకనిచ్చి పరుగెత్తింది.

తర్వాత చప్పుళ్లు ఆగిపోయాయి. తూటాలు అయిపోయాయో... అతనే అయిపోయాడో.

దిన్నె చేరేసరికి టార్చి మసగబారింది. ఆ మసక వెలుగులోనే గుంట అడుగున వేటగాడు కనిపించాడు. కాలు మోకాలి కింద అటు తిరిగిపోయి ఉంది. రక్తం మట్టిలో ఇంకుతోంది. బతికే ఉన్నాడు. కళ్లు మాత్రం పైకి, దిన్నె వైపు అంటుకుపోయి ఉన్నాయి.

దిన్నె మీద కూర్చుని ఉంది అది.

చిరుత. పక్కటెముకలు లెక్కపెట్టేంత బక్కది. గుర్రుమనలేదు. పళ్లు చూపించలేదు. ఊరికే కూర్చుంది, వెనక గది గుమ్మంలో పిల్లి కూర్చున్నట్టు. వేటగాడిని ఒకసారి, వదినని ఒకసారి చూసింది. ఎవరు కోస్తారు, ఎప్పుడు పెడతారు అన్నట్టుంది ఆ చూపు.

"ఏమే..." గుంటలోంచి గుసగుస. "చూస్తావేంటి? కాల్చు."

వదిన తుపాకీ ఎత్తింది. అది కదల్లేదు. గొట్టం తన వైపు తిరిగిందని దానికి తెలిసింది కూడా. అయినా కదల్లేదు. తుపాకీ వల్ల దానికి ఇంతవరకూ మంచే జరిగింది.

దాని పొట్ట కింద పాలసంచులు వేలాడుతున్నాయి. వదిన కళ్లు అలాంటివి వదలవు. అన్నేళ్లు కోసిన కళ్లు.

ఇంట్లో పాప లేచి ఏడుస్తూ ఉంటుందనుకుంది.

కాల్చింది.

అది అరవను కూడా లేదు. ముందుకాళ్లు మడిచి, పడుకున్నట్టే పడుకుంది.

కాసేపటికి మరిది నవ్వడం మొదలుపెట్టాడు. ఆపుకోలేక, పొట్ట పట్టుకుని. "ఇదా! ఇదేనా వదినా దెయ్యం! తల చేతిలో పట్టుకుని తిరిగేది ఇదేనా! మా అమ్మకి చూపించాలి..." గుంటలో వేటగాడు కూడా నొప్పితో మూలుగుతూనే నవ్వాడు. "నీ గురి చూసి భయపడాల్సింది ఇంక నేనేనే," అన్నాడు.

వదిన కూడా నవ్వబోయింది.

పొదలు కదిలాయి.

తుపాకీ చప్పుడు విని, ఆలస్యమైపోతుందేమోనన్నట్టు గబగబా, రెండు పిల్లలు వచ్చాయి. తోకలు పైకెత్తి వచ్చాయి. మనుషుల్ని చూసి బెదరలేదు. ఒకటి దిన్నె ఎక్కి తల్లి పొట్టలో మూతి పెట్టి వెతుక్కుంది. పాలు దొరికాయి కాబోలు, తాగుతూ ముందుకాళ్లతో తల్లిని నొక్కుతోంది. రెండోది నేరుగా వదిన దగ్గరికి వచ్చింది. ఆమె పాదాల ముందు కూర్చుని, తలెత్తి, చేతుల వంక చూసింది.

మరిది నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

"పెరిగితే మన పాప దాకా వస్తాయే," అన్నాడు వేటగాడు గుంటలోంచి, మెల్లగా. "ఇప్పుడే అయిపోవాలి."

వదిన తుపాకీ గొట్టం కిందకి వంచి, కొత్త తూటా పెట్టి, మూసింది.

టక్.

ఆ చిన్న చప్పుడికి తల్లి దగ్గరున్న పిల్ల కూడా పాలు వదిలేసి లేచింది. దిన్నె దిగి పరుగెత్తుకుంటూ వచ్చి, రెండోదాన్ని పక్కకి తోసి, వదిన కాళ్ల దగ్గర తన వాటాకి కూర్చుంది.