సరేలెండి

పదకొండో వరస తెప్ప ఇళ్ళు కదిలిపోయేసరికి తాయారు కప్పులో టీ చల్లారిపోయింది. ఆమె దాన్ని అలాగే తాగేసి, తెర మీద పన్నెండో వరసని వేలితో ముందుకు జరిపింది. ఒక పెట్టె వెలిగింది. అందులోంచి దారం, దారం చివర ఇంకో పెట్టె. ఒక పెట్టె గాలి కబురు అందుకుంది, ఇంకోటి రేవులో జాగా చూసుకుంది, మరోటి ఇంటివాళ్ళ సమ్మతి చూసుకుంది, చివరిది తాళ్ళ ముళ్ళు విప్పే యంత్రాల్ని, ముడిపీతల్ని, నీళ్ళలోకి దింపింది. ఒక్క అక్షరం కోడు రాసే పనిలేదు. పెట్టె తెచ్చి పెట్టెకి తగిలించడమే, పిల్లలైనా నేర్చుకోవచ్చు. కొత్తగా చేరినవాళ్ళు ఈ మాట మహా ధీమాగా అంటారు, మొదటి వారం మాత్రమే.

అద్దం అవతల గోదావరి. లంకలు మునిగి ముప్ఫై ఏళ్ళయింది, ఊళ్ళన్నీ నీళ్ళ మీదే ఉన్నాయి. రేపు మధ్యాహ్నానికి తుపాను తీరం దాటుతుంది. ఈలోగా రెండువేల నూట నలభై ఇళ్ళు, కోళ్ళగంపలతో, ఆరేసిన బట్టలతో, అరుగుల మీద కూర్చున్న మనుషులతో సహా ఎగువకి చేరాలి. ఒకప్పుడు దీనికి ఆరు రోజులు పట్టేది. నాలుగువందల మంది తాళ్ళు లాగేవారు, అయినా ఇళ్ళు గుద్దుకునేవి, మనుషులు పోయేవారు. ఇప్పుడు ఈ పెట్టెలతో, దారాలతో తాయారు అల్లిన అల్లిక ఏడు గంటల్లో ముగించేస్తుంది. ఇళ్ళు ఒకదాని వెనక ఒకటి, బారెడు ఎడంతో, ఒకదాన్నొకటి తాకకుండా ప్రవాహానికి ఎదురెక్కుతున్నాయి. ఆరేళ్ళుగా చూస్తున్నా ఆమెకి ఒళ్ళు గగుర్పొడుస్తూనే ఉంది. ఇంత నీటి మీద ఇంతమంది ఇలా క్షేమంగా నడిచిపోవడం తన చేతిపనే అంటే ఆమెకే నమ్మబుద్ధి కాదు.

ఒంటిగంటకి ఆమె తెర మీదికి ఎర్ర దారం ఒకటి వచ్చింది. పద్నాలుగో వరస, తొమ్మిదో ఇల్లు, ముడి ఊడలేదు. ఏ పనైనా కుదరకపోతే మూడుసార్లు ప్రయత్నించి, అప్పుడు మనిషికి అప్పగించాలన్నది ఆమె పెట్టిన నియమమే. ప్రతిసారీ రెండు మూడు వస్తాయి, చాలావరకు తాడుకి పట్టిన నాచు వల్ల. తాయారు ముడిపీత కంట్లోంచి చూసింది. రెండు ఇళ్ళని కలిపి కట్టిన కొబ్బరితాడు. పీత విప్పింది. విప్పీ విప్పగానే రెండు ముసలి చేతులు నీళ్ళలోకి వంగి మళ్ళీ కట్టేశాయి. ఆ చేతులకి తొందరేమీ లేదు. పీత మళ్ళీ విప్పింది, చేతులు మళ్ళీ కట్టాయి.

ఇంటావిడ పేరు సత్తెమ్మ. పక్కిల్లు ఆమె చెల్లెలు వీరవేణిది. జాగా సర్దుబాటులో ఒక ఇల్లు ఒక రేవుకీ, రెండోది ఇంకో రేవుకీ పడ్డాయి. సమ్మతి గడి పచ్చగా ఉంది. తాయారు ఫోన్ కలిపింది.

"సత్తెమ్మగారా అండీ? నేను అల్లికగదిలోంచి తాయారునండి. తాడెందుకండీ మళ్ళీ కడుతున్నారు?"

"కట్టకపోతే ఊడిపోదా అమ్మా?"

"ఊడాలనేనండి. మీరు కింది రేవుకి, మీ చెల్లెలుగారు పై రేవుకి వెళ్ళాలి. ఈ ఏడాదంతా అక్కడేనండి. పొద్దున్న అడిగితే ఒప్పుకున్నారు కదా."

"నేనా? ఆయ్ అన్నానా?"

తాయారు పొద్దుటి గొంతు తీసి ఆమెకే వినిపించింది. 'ఇలా తీసుకెళ్తున్నాం, సరేనా?' అని అల్లిక అడిగింది. 'సరేలెండి. మీ ఇష్టం' అంది సత్తెమ్మ.

అటువైపు నుంచి నవ్వు వినబడింది. "అదా ఒప్పుకోడం? అన్నీ మీరే అనేసుకుని ఆఖర్న సరేనా అంటే, ఇంకేమంటామమ్మా? పొయ్యి నా ఇంట్లో ఉంది, నీళ్ళతొట్టి దానింట్లో ఉంది. దానికి చూపానదు. మెట్టు దిగాలంటే నా భుజం పట్టుకోవాలి. ఏడాదిపాటు ఎవరి భుజం పట్టుకుంటాది?"

తాయారుకి చెవులు వేడెక్కాయి. సమ్మతిపెట్టె ఆమె చేసిన మొట్టమొదటి పెట్టె. ఔనని అర్థమొచ్చే మాటలన్నీ అందులో వేయమంటే ఒక మధ్యాహ్నం కూర్చుని వేసింది. ఔను, ఆయ్, సరే, అలాగే, కానివ్వండి. జాబితా మరీ పొట్టిగా ఉందనిపించి చివర్న 'సరేలెండి', 'అలాగేలెండి', 'మీ ఇష్టం' చేర్చింది. తెలుగు రానిది కాదు. మొగుడు 'సరేలే' అన్నాడంటే ఇంట్లో రెండ్రోజులు మాటలుండవని బాగా తెలిసిన మనిషి. ఆ మధ్యాహ్నం మాత్రం ఆ సంగతి తట్టనే లేదు. ఆమెకి సిగ్గేసింది.

ఈ రోజు సమ్మతుల్లో ఆ మూడు మాటలూ ఎన్నిసార్లు వచ్చాయో వెతికింది. ఆరువందల పదకొండు ఇళ్ళు. కొన్ని వింది. 'సరేలే బాబూ.' 'అలాగేలెండి, మేమనేదేముంది.' 'మీ ఇష్టమండి.' అన్నీ పచ్చగా ఉన్నాయి. ఆరేళ్ళుగా పచ్చగానే ఉన్నాయి.

రేవుల అధికారి దొరబాబు గారు వెనక బల్ల దగ్గర తుపాను గాలుల మ్యాపు చూసుకుంటున్నారు.

"సమ్మతిపెట్టె ఆపుతున్నానండి," అంది తాయారు. సంగతంతా చెప్పింది.

"ఇప్పుడా? ఆ ఒక్క ఇంటికి మినహాయింపు పెట్టెయ్యమ్మా, సరిపోతుంది."

"ఒక్క ఇల్లు కాదండి, ఆరువందల పదకొండు. వాళ్ళకి తాడు కట్టాలని తోచలేదు, అంతే."

"ఎంతసేపు ఆగుతుంది?"

"నాలుగు గంటలు. దీపాలు పెట్టేవేళకి అందరూ చేరిపోతారు."

"ఈ అల్లిక ఆరేళ్ళలో ఒక్కసారి కూడా ఆగలేదు తాయారూ."

"కాదని చెప్పే దారి మనం వాళ్ళకి ఇవ్వలేదండి. ఇంకెలా ఆగుతుంది?"

ఆయన అద్దంలోంచి నదిని చూశారు. "మసక వెలుతురులో ఒక్క ఇల్లు ఇంకోదానికి తగిలినా జవాబు నువ్వే చెప్పుకోవాలి."

"చెప్తానండి," అంది. ఒక ఇల్లు తగలడమంటే ఏమిటో ఆమె చిన్నప్పుడు చూసింది.

తాయారు పెట్టె తెరిచింది. మూడు మాటలు తీసేసింది. 'సరేనా?' అన్న ప్రశ్న కూడా తీసేసి, 'మీకెలా కావాలి?' అని పెట్టింది. ఆ ప్రశ్నకి వచ్చే జవాబుని ఏ పెట్టెకి తగిలించాలో వెతికితే ఒక్కటీ దొరకలేదు. అలాంటి జవాబు పట్టే పెట్టె ఎవరూ చేయలేదు. ఆరువందల పదకొండు దారాలనీ తెచ్చి తన పేరుకే తగిలించుకుంది. ఇలా చేస్తే వేగం సగానికి పడిపోతుంది, కొనసాగించాలా అని తెర హెచ్చరించింది. నొక్కింది.

నది మీద ఆరువందల పదకొండు ఇళ్ళు ఒక్కసారిగా ఆగాయి. మిగతావి వాటి పక్కనుంచి సాగిపోతున్నాయి. ఆగిన ఇళ్ళ అరుగుల మీదికి మనుషులు వచ్చారు. ఒకరినొకరు కేకేసి అడుగుతున్నారు, చేతులు ఊపుతున్నారు. ఇంతకాలం ఆమె ఇళ్ళు నడవడమే చూసింది. ఇళ్ళ నిండా ఇంతమంది ఉన్నారని ఇప్పుడే కళ్ళబడింది. తాయారు కుర్చీలోంచి లేచి నిలబడిపోయింది.

మొదటి గొంతు సత్తెమ్మదే. "ఎక్కడికైనా లాక్కెళ్ళండమ్మా. రెండిళ్ళూ కలిపి లాక్కెళ్ళండి." తాయారు రెండు ఇళ్ళని ఒక్కటిగా చేసి పై రేవుకి పంపింది. ఆ జాగాకోసం ఇంకో ఇంటిని జరపాల్సి వచ్చింది, వాళ్ళని కూడా అడిగి జరిపింది. ముడిపీత తాడు వదిలేసి వెళ్ళిపోయింది.

తర్వాతి ఆవిడ పక్కింటివాళ్ళకి దూరంగా పెట్టమంది. "ఆరేళ్ళుగా మమ్మల్ని కలిపే లాగుతున్నారు తల్లీ, ఇకనైనా విడదీయండి." ఇంకొకాయన మేకలకి ఎండ తగిలే వైపు కావాలన్నాడు. దొరబాబు గారు కుర్చీ లాక్కుని, రెండో హెడ్‌సెట్ తగిలించుకుని, సగం దారాలు తన వైపు మళ్ళించుకున్నారు.

నలభయ్యో గొంతు ఒక పెద్దాయనది. ఆయనకి ఏమీ మార్చక్కర్లేదట. ఆ రేవే కావాలి, ఆ వైపే కావాలి.

"మరి పొద్దున్న సరేలెండి అన్నారేంటండీ?" అని అడిగింది తాయారు.

"నువ్వడిగిన తీరు అలా ఉందమ్మా," అన్నాడాయన.

తాయారు ఆ ఇంటిని కదిలించి, తర్వాతి గొంతు కలిపింది.