212వ లైను

“పీత ఉడికిందా?”

“ఉప్పు చాల్లేదు.”

కోడ్‌వర్డ్ సరిపోయింది. బేగంపేట మెట్రో స్టేషన్ కింద ఉన్న జిరాక్స్ షాపు వెనక తలుపు తెరుచుకుంది. ఇలాంటి చెత్త కోడ్‌వర్డులు కనిపెట్టడానికి డిపార్ట్‌మెంట్ ఒక మనిషికి నెలనెలా జీతమిస్తోందని గుర్తొస్తే చాలు, ఏజెంట్ జెరెమియాకి ఒళ్లు మండుతుంది.

లోపల చీఫ్ రామ్మోహనరావు టీ ఊదుకుంటున్నాడు. టైం మూడుంబావు.

“నువ్వు వారం నుంచి ట్రైనీ వేషంలో కూచున్న ఆ ‘ప్రాణగతి’ కంపెనీయేనయ్యా. అనుమానం నిజమైంది. ముప్పై ఆస్పత్రుల వెంటిలేటర్లు నడిపేది వాళ్ల సాఫ్ట్‌వేరు. ఇవాళ వదిలే కొత్త వెర్షన్‌లో విదేశీ ముఠా విషం కలిపింది. అది ఎక్కితే నాలుగొందల మందికి గాలి ఆగిపోద్ది.”

“ఇప్పుడే రెయిడ్ చేద్దాం కద సార్?”

“మూడూ యాభైకి కేకు కోసి రిలీజ్ బటన్ నొక్కడం వాళ్ల ఆనవాయితీ. లోపలున్న ముఠా మనిషి ఎవరో తెలీదు. మన బూట్లు కనబడితే ముందే నొక్కేస్తారు. నాలుగు దాటితే బటన్ దానంతటదే మూసుకుపోద్ది. అప్పటిదాకా ఎలాగోలా ఆపు. నాలుగూ ఒకటికి మేం పైకొస్తాం.” చీఫ్ గ్లాసు కింద పెట్టాడు. “మౌలాలి ఆస్పత్రి కూడా లిస్టులో ఉంది.”

జెరెమియా చెల్లెలు అక్సా ఆ ఆస్పత్రిలోనే ఉంది. కాన్పు కష్టమై మూడు రోజులుగా వెంటిలేటర్ మీద ఉంది. పదకొండేళ్ల ఉద్యోగంలో మొదటిసారి అతనికి భయమేసింది.

ప్రాణగతి ఆఫీసు ఐదో అంతస్తులో ఉంది. రిసెప్షన్‌లో మనిషెత్తు ఎర్ర పీత బొమ్మ. అది రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషకు గుర్తు. వీళ్లు దానికి దండం పెట్టడం ఒక్కటే తక్కువ. సీఈఓ సత్యదేవ్ అప్పుడే ఎవరికో గొప్పలు చెబుతున్నాడు. “ఫైర్‌ఫాక్స్‌లో రస్టే, డ్రాప్‌బాక్స్‌లో రస్టే. డిస్కార్డ్ వాళ్లు ఒక సర్వీస్‌లో గో లాంగ్వేజ్ తీసేసి మరీ రస్ట్ పెట్టుకున్నారు. ప్రాణగతి హండ్రెడ్ పర్సెంట్ రస్ట్. అంటే హండ్రెడ్ పర్సెంట్ సేఫ్!”

భాష మెమరీ తప్పుల్ని పట్టుకుంటుంది గానీ దొంగల్ని పట్టుకోదని ఈ పెద్దమనిషికి చెప్పేవాళ్లు లేరు. జెరెమియా తన సీట్లో కూర్చుని కొత్త కోడ్ తెరిచాడు. ఆరొందల లైన్లు. నలభై మంది అప్రూవ్ చేశారు, ఒక్కడూ చదవలేదు. 212వ లైన్ దగ్గర అతని వేలు ఆగింది. నాలుగున్నరకి గాలి ఆపు, అలారం మోగనివ్వకు అని రాసి ఉంది.

లాప్‌టాప్ పట్టుకుని పరుగున శ్రీలలిత గదికెళ్లాడు. ఆమె కంపెనీలో చీఫ్ ఇంజనీరు. రెండేళ్ల క్రితం డిపార్ట్‌మెంటే ఆమెను అక్కడ పెట్టింది. ముదురాకుపచ్చ పట్టుచీర, వజ్రాల దుద్దులు. ఆమె నడిచొస్తే కుర్రాళ్లు కీబోర్డులు మర్చిపోతారు.

“212 చూసిన్రా మేడం?”

“చూడ్డమేంటి, నేనే రాశా.” ఆమె నవ్వుతూ అతని ఫోన్ లాక్కుంది. “పరేషాన్ కాకు జెరెమియా. ఈ రూంలోనే కూర్చో. ట్రైనీవి, కామెంట్ రాయడం తప్ప ఇంకేం చేయలేవు. రాసుకో. ఎవరు చదువుతారు?”

గాజు తలుపు బయట తాళం పడింది. డిపార్ట్‌మెంట్ ఇచ్చిన పొగ పెన్ను నొక్కాడు. పొగ రాలేదు, సిరా కారింది.

టైం మూడూ నలభై ఐదు. కంపెనీ లాప్‌టాప్ నుంచి బయటికి మెసేజ్ పోదు. కొత్త కోడ్ కింద అందరికీ కనబడేలా కామెంట్ రాశాడు: ‘212వ లైన్ మనుషుల్ని చంపుతుంది. ఆపండి.’ ఎవరో బొటనవేలు బొమ్మ పెట్టి వెళ్లిపోయారు. జెరెమియాకి వాళ్లందర్నీ వరసగా నిలబెట్టి చెంపలు వాయించాలనిపించింది. గాజు అవతల కేకు మీద కొవ్వొత్తులు వెలిగిస్తున్నారు.

వారం రోజులుగా వీళ్లను చూస్తున్నాడు కదా. వీళ్లకు ప్రాణాల మీద పట్టింపు లేదు. మరి దేని మీద ఉందో అతనికి తెలుసు. రెండో కామెంట్ రాశాడు: ‘ఇదే గో లాంగ్వేజ్‌లో అయితే సగం లైన్లలో అయ్యేది. 212 రాసినవారికి రస్ట్ సరిగ్గా వచ్చినట్టు లేదు.’

అంతే, ఫ్లోరంతా భగ్గుమంది. అర నిమిషంలో ఇరవై ఏడు జవాబులు. కొవ్వొత్తులు వదిలేసి అందరూ సీట్లకు పరిగెత్తారు. సత్యదేవ్ కేకు కత్తి పట్టుకునే టైపు చేస్తున్నాడు. శ్రీలలిత బటన్ నొక్కబోతే అది బూడిదరంగుకి మారింది. వాదన మొదలైతే, ట్రైనీలు తప్ప మిగిలినవాళ్లంతా ‘సరే’ అనేదాకా రిలీజ్ జరగకూడదు. అది కంపెనీ రూలు.

మూడూ యాభై ఎనిమిదికి సత్యదేవ్ రాజీ కుదిర్చాడు. ‘రస్టే గొప్ప. 212 మాత్రం కొంచెం వికారంగా ఉంది, తర్వాత సరిచేద్దాం. అందరూ సరే అనండి.’ వరసగా నలభై సరేలు పడ్డాయి. ఇంక ఒక్క శ్రీలలిత అంటే చాలు, బటన్ వెలుగుతుంది.

జెరెమియా గాజుకు ముఖం ఆనించి చూస్తున్నాడు. ఆమె వేళ్లు కీబోర్డు మీదికి వెళ్లాయి. అక్సా ఊపిరి ఆ వేళ్ల కింద ఉంది.

ఆమె ‘స’ కొట్టింది. చెరిపేసింది. చెంపలు ఎర్రబడ్డాయి. తర్వాత టపటపా కొట్టింది: ‘వికారమా? నాలుగున్నరకి గాలి ఆపి, అలారం కూడా మోగనివ్వకుండా ఒకే లైన్లో రాయగల మొనగాడు ఇక్కడ ఎవడున్నాడు?’

ఎంటర్ నొక్కాక గానీ ఏం రాసిందో ఆమెకు తెలియలేదు. గోడ మీద గడియారం నాలుగు కొట్టింది. స్క్రీన్ మీద ‘రిలీజ్ మూసివేయబడింది’ అని వచ్చింది.

రామ్మోహనరావు మనుషులతో వచ్చేసరికి ఆమె ఇంకా టైపు చేస్తూనే ఉంది.

“పదమ్మా.”

“ఒక్క నిమిషం సార్, వీడికి జవాబిచ్చి వస్తా.”

తాళం తీయగానే జెరెమియా చీఫ్ ఫోన్ లాక్కుని ఆస్పత్రికి కొట్టాడు. నర్సు ప్రిసిల్లా ఎత్తింది. “మీ చెల్లె మంచిగనే ఉందన్నా. ఇప్పుడే కళ్లు సుత తెరిచింది.” అతను అందరి ముందూ భోరున ఏడ్చాడు. సిగ్గుపడలేదు.

సత్యదేవ్ కేకు ముక్క పట్టుకుని దగ్గరికొచ్చాడు. “థాంక్యూ సో మచ్ సార్. ఒక్క రిక్వెస్ట్. గో గురించి ఆ కామెంట్ డిలీట్ చేసేయండి. వచ్చే మండే ఇన్వెస్టర్స్ వస్తున్నారు.”

జెరెమియా కేకు నోట్లో వేసుకుని, లాప్‌టాప్ ముందు కూర్చుని, ఆ కామెంట్ కింద ఇంకో వాక్యం రాసి లేచాడు.

‘అసలు జావాలో రాసుంటే ఇంకా బాగుండేది.’