పదకొండో మెట్టు

మధ్యాహ్నం మూడు గంటల ఇరవై నిమిషాలు... మా అమ్మాయి పోయిన వేళ అది.

ఆ రోజు పొద్దుటి నుంచీ ఆకాశం మూసుకుపోయి ఉంది. పట్టపగలే తరగతిలో దీపాలు వేశాం. గోడ పైని వెంటిలేటరు మీద ఒక గుడ్లగూబ వచ్చి కూర్చుంటే పిల్లలు నవ్వారు. నేను పాఠం చెబుతూండగా నా భార్య గుమ్మం దగ్గరికి వచ్చింది. పొద్దున పిల్ల ఒళ్ళు వెచ్చగా ఉందనీ, ఇంటికి తీసుకుపోతాననీ అంది. తరగతి జరుగుతుంటే తల్లులు గుమ్మం దాటి లోపలికి రాకూడదు. ఆ నియమం పెట్టింది నేనే. గంట కొట్టేదాకా ఆగమన్నాను. ఆగింది. ఇంకా పది నిమిషాలే ఉంది. మూడో వరుసలో మా పిల్ల బల్ల మీద తల వాల్చుకుంది. నిద్రపోతోందనుకున్నాను. గంట కొట్టాక లేపబోతే లేవలేదు.

మా అమ్మాయి నా తరగతిలోనే చదివేది. హాజరుపట్టీలో పదిహేడో సంఖ్య. నేను పేర్లు పిలవను, సంఖ్యలే పిలుస్తాను. ఇంట్లో "నాన్నా" అని మీద పడే పిల్ల, బడిలో మాత్రం లేచి నిలబడి "ఉన్నాను సార్" అనేది. ఆ మాట చివర చిన్న నవ్వొకటి దాచుకునేది. ఆమె పోయాక నేను పదహారు పిలిచి, కాస్త ఆగి, పద్దెనిమిది పిలిచేవాణ్ణి.

నా భార్యకు నిద్ర కరువైంది. మూడు వారాల తర్వాత ఆమె తమ్ముడు వచ్చాడు. అతను పళ్ళ డాక్టరు. సూది చూస్తే వణికేవాళ్ళను హిప్నాటిజంతో నెమ్మదింపజేసి పన్ను తీస్తాడు. నిద్రలో పళ్ళు కొరికే లారీ డ్రైవరుకు ఆ అలవాటు మాన్పించాడు. వేదిక ఎక్కితే గొంతు పట్టేసే పాటగత్తె ఒకామె అతని దగ్గర పన్ను పీకించుకోవడానికి వచ్చి, భయం కూడా పీకించుకుపోయిందని ఇంట్లో హాస్యమాడేవాళ్ళం.

అక్కకు అతను నేర్పింది చాలా చిన్న పద్ధతి. కళ్ళు మూసుకుని, ఊపిరి నెమ్మదిగా వదులుతూ, ఒక్కొక్క అంకెకు ఒక్కొక్క మెట్టు దిగుతున్నట్టు ఊహించుకోవాలి. పది మెట్లు. పదో మెట్టు దగ్గర ఆమెకిష్టమైన చోటు. తిరిగి పైకి రావాలంటే పది నుంచి ఒకటికి లెక్కపెట్టుకోవాలి. మొదటి రోజే ఆమె కుర్చీలోనే నిద్రపోయింది.

ఇందులో మంత్రమేమిటని అడిగాను.

"మంత్రం లేదు, గింత్రం లేదు బావా. బస్సులో పుస్తకం చదువుతూ దిగాల్సిన చోటు దాటిపోతావు చూడు, ఇదీ అంతే. మనసు ఒకదాని మీద నిలిస్తే మిగతా చప్పుడు తగ్గుతుంది. అప్పుడు చెప్పిన మంచిమాట సులువుగా లోపలికి దిగుతుంది."

"మరి చెడ్డమాట?"

"తలుపు గడియ లోపలి వైపునే ఉంటుంది. తనకిష్టం లేనిది ఎవరూ చేయించలేరు." వెంటనే, "ఇష్టమున్నదైతేనే భయం" అన్నాడు.

ఇంకో మాట కూడా చెప్పాడు. ఏళ్ళ తరబడి ఒకే లయలో ఆ లెక్క చెప్పేవాడి ఒళ్ళు, అందరికంటే ముందు తనే ఆ మాట వింటుందట. ఒకసారి రోగిని నిద్రపుచ్చుతూ తనే తూగిపోతే, నోరు తెరిచి పడుకున్న రోగే లేచి తట్టి లేపాడట. ఆ రోజు ముగ్గురం నవ్వాం. అమ్మాయి పోయాక మా ఇంట్లో నవ్వు వినపడడం అదే మొదటిసారి.

తర్వాత ఎవరు చెప్పారో, నా భార్య కిందింటాయన దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టింది. మూతపడిన అచ్చాఫీసు కింద నేలమాళిగలో ఉంటాడు గనక అతన్ని అందరూ అలాగే అనేవారు. చనిపోయినవాళ్ళతో మాట్లాడిస్తాడని పేరు. అతని ముందు ఒక మనిషి కపాలం, దాని లోపల వెలిగే ఒత్తి... ఆ వెలుగునే రెప్పవేయకుండా చూడమంటాడు. ఆమె అమాయకంగా తన పది మెట్ల సంగతి అతనికి చెప్పింది. అతను మెత్తగా నవ్వి, పదో మెట్టు కింద ఇంకొకటి ఉందనీ, అమ్మాయి అక్కడే నిలబడి ఉందనీ అన్నాడు.

నాకు ఈ సంగతి ఆమె చెప్పలేదు. ఒక సాయంత్రం వంటింట్లో కత్తిపీట ముందు కూర్చుని కూరగాయలు తరుగుతూ, తల ఎత్తకుండా, మా అమ్మాయి గొంతుతో మాట్లాడింది.

"నాన్నా, రేపు అమ్మ నా దగ్గరికొచ్చేస్తుంది."

నా చేతిలో గ్లాసు జారిపోయింది. ఆ చప్పుడుకు ఆమె ఉలిక్కిపడి, ఏమైందండీ అని తన గొంతుతోనే అడిగింది. తాను మాట్లాడిన సంగతి ఆమెకు తెలియదు.

మర్నాడు బడికి వెళ్ళకుండా ఆమెను కనిపెట్టుకుని కూర్చున్నాను. రెండున్నరకు పక్కగదిలో ఉన్న ఆమెను ఎంత పిలిచినా పలకలేదు. వెళ్ళి చూస్తే గది ఖాళీ. వీధి తలుపు తీసి ఉంది. పరుగెత్తి బావమరిది దగ్గరికి వెళ్ళాను. పదకొండో మెట్టు ఉంటుందా అని అక్క నిన్ననే తనను అడిగిందనీ, కిందింటాయన చెప్పాడందనీ అన్నాడు. కిందింటాయన దగ్గరికి వెళ్ళి తిరిగిరాని ఇద్దరు ఆడవాళ్ళ గురించి అతను రోగుల నోట విన్నాడు. కోరి కిందికి దిగినవాళ్ళ మిగిలిన ఆయుష్షు తనకు వస్తుందని ఆ మనిషి నమ్మకమట. వాళ్ళ ఊపిరికి తన ఊపిరి కలిపి, చివరి మెట్టు దాకా తోడు దిగుతాడట.

"పట్టి లాగకు బావా, అరవకు. నీ గొంతు అక్కకు వినిపిస్తుంది. పదకొండు నుంచి ఒకటికి వెనక్కి లెక్కపెట్టు. ఒక్కో అంకెకు ఒక్కో మెట్టు ఎక్కుతుంది. నువ్వు నడువు, పళ్ళ కుర్చీలో ఉన్న రోగికి దూది పెట్టి వెనకే వస్తాను."

వీధిలోకి వచ్చేసరికి ఆకాశం మళ్ళీ ఆ రోజులాగే కమ్ముకుంది. ఉరుము ఉరిమితే దుకాణాల రేకులు అదిరాయి. అచ్చాఫీసు చూరు మీద ఒక గుడ్లగూబ కూర్చుని నన్నే చూస్తోంది. నేలమాళిగకు రాతి మెట్లు. దిగుతూ లెక్కపెట్టాను. సరిగ్గా పది.

కింద ధూపం, తడిసిన కాగితాల వాసన. నేల మీద నా భార్య కూర్చుని ఉంది. తెరిచిన కళ్ళలో చూపు లేదు. చేతిలో నల్లని కషాయం నిండిన గిన్నె. ఎదురుగా కిందింటాయన. ఇద్దరి మధ్య కపాలం. ఇద్దరి ఊపిరీ ఒకేసారి పైకి, ఒకేసారి కిందికి... అతని వెనక గోడ గడియారంలో మూడూ పద్దెనిమిది.

"పది" అన్నాడతను. "ఇక ఒక్కటే, తల్లీ."

గిన్నె ఆమె పెదవుల వైపు కదిలింది.

నేను నోరు తెరిచాను. పదకొండు అనాలి. కానీ ఇరవై ఏడేళ్ళుగా రోజూ పిలిచిన గొంతు నా మాట వినలేదు.

"ఒకటి" అన్నాను, హాజరు పిలిచే గొంతుతో. "రెండు. మూడు."

అతను కపాలం మీంచి చూపు తిప్పకుండానే నవ్వాడు. "నువ్వే దింపుతున్నావు, మాస్టారూ."

నిజమే. నేను చేస్తున్న తప్పు నాకు తెలుస్తూనే ఉంది. కానీ హాజరు మధ్యలో ఆపడం నాకు చేతకాదు. పది దాటింది. పదకొండు దగ్గర అతని నవ్వు ముఖం మీద అలాగే నిలిచిపోయింది. పన్నెండు దగ్గర భుజాలు జారాయి. పద్నాలుగు దగ్గర చెయ్యి ఒళ్ళో పడింది. కపాలంలో ఒత్తి కుంచించుకుపోయి నీలంగా మారింది. నా భార్య చేతిలో గిన్నె మాత్రం ముందుకూ రాలేదు, వెనక్కీ పోలేదు.

"పదహారు."

అలవాటుగా ఆగాను. పైన పిడుగు పడింది. నూరు రోజుల తర్వాత మొదటిసారి పిలిచాను.

"పదిహేడు."

"ఉన్నాను సార్."

నా భార్య పెదవులు కదలలేదు. ఆ గొంతు నేల కింద నుంచి వచ్చింది. చివర ఆ చిన్న నవ్వుతో సహా.

"అమ్మ లోపలికి రాలేదు సార్. గుమ్మం దగ్గరే ఆగింది. వేరే ఎవరో వచ్చారు."

ఒత్తి ఆరిపోయింది. చీకట్లో కపాలం పగిలిన చప్పుడైంది. తర్వాత గిన్నెను నేల మీద మెల్లగా పెట్టిన చప్పుడు, నా భార్య చెయ్యి నా చేతి కోసం వెతకడం... బావమరిది దీపం పట్టుకుని దిగేసరికి మేము మెట్ల దగ్గర ఉన్నాం. కిందింటాయన అలాగే కూర్చుని ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఊపిరి ఆడుతోంది. ఎంత పిలిచినా పలకలేదు.

ఇంటికి వచ్చాక ఆమె ఒక్కసారే ఆ సంగతి ఎత్తింది.

"మీరు హాజరు పిలుస్తున్నారు. లోపల మన పిల్ల కనిపిస్తోంది, మూడో వరుసలో. వెళ్దామనే కాలెత్తాను. తరగతి జరుగుతుంటే తల్లులు రాకూడదు కదండీ. ఆగాను. ఆయన నన్ను దాటుకుని లోపలికి వెళ్ళాడు."

ఇప్పుడామె రోజూ పది మెట్లు దిగి, అక్కడే ఆగి, నిద్రపోతుంది.

కిందింటాయన పెద్దాసుపత్రిలో ఉన్నాడు. ఎవరూ అలా ఉండిపోరనీ, ఊరికే వదిలేసినా కాసేపటికి వాళ్ళంతట వాళ్ళే లేస్తారనీ నా బావమరిది చదివిన పుస్తకాల్లో ఉందట. ఈ మనిషి నాలుగు నెలలుగా లేవలేదు. రోజూ మధ్యాహ్నం మూడూ ఇరవైకి మాత్రం పెదవులు కదులుతాయని నర్సు చెప్పింది. నేను వెళ్ళి చెవి ఆనించి విన్నాను.

"సార్... గంట కొట్టండి సార్."

దింపిన గొంతే పైకి తేవాలని బావమరిది అంటాడు. పదిహేడు నుంచి ఒకటికి నేను వెనక్కి లెక్కపెట్టాలి. మొదటి అంకె పదిహేడు పలికితే మా అమ్మాయి కూడా లేచి నిలబడుతుందని నాకు తెలుసు. ఒకటి దగ్గర తరగతి అయిపోతుంది, తనూ వెళ్ళిపోతుంది.

ఇంకా మొదలుపెట్టలేదు.