గుప్తా కింద కామరూపి

2068 నాటికి విశాఖపట్నంలో ఏ ఇంటి ముందు చూసినా మనిషికి ఒక్క బండే ఉండేది. లోహాలకు కరువొచ్చాక పుట్టిన చట్టం అది. ఒకరికి ఒకే వాహనం, కొన్నాక పన్నెండేళ్లు మార్చడానికి వీల్లేదు. అందుకని పెళ్లిసంబంధానికి వాకబు చేసినదానికన్నా బండికి ఎక్కువ వాకబు చేసేవారు.

మద్దిలపాలెంలో గ్రంధి వాసుదేవ గుప్తా ఆ చట్టం మీదే వ్యాపారం నిలబెట్టాడు. షాపుకు ఒకే రకం బండి అన్నది కూడా చట్టమే కాబట్టి అతను అమ్మేది ఒకటే: అడ్వెంచర్ టూరర్ అనే, కొండదారుల్లో దూరప్రయాణాలకు చేసిన పెద్ద మోటార్ సైకిల్. ఎత్తు సీటు, పొడుగాటి ఫోర్కులు, రెండువైపులా అల్యూమినియం పెట్టెలు, ఒక్క చార్జింగుకు ఏడు వందల కిలోమీటర్లు. "ఒక్కటే కొనాలన్నప్పుడు అన్నిటికీ పనికొచ్చేదే కొనాలి. కొండకీ ఇదే, కూరగాయలకీ ఇదే" అనేవాడు. తను మాత్రం పాత స్కూటరు మీద షాపుకు వచ్చేవాడు. ఎవరైనా అడిగితే, "నాకు కొండతో ఏం పని?" అనేవాడు. పనిలేని వస్తువు కొనకపోవడం అతని తండ్రి నేర్పిన మొదటి లెక్క.

అతని వ్యాపారానికే ఇప్పుడు ఎసరొచ్చింది. ఋషికొండ పరిశోధనశాలలో కామరూపి అనే బండి పుట్టింది. దాని చట్రం జ్ఞాపకలోహం. షేప్ మెమరీ అల్లాయ్ అని పాతకాలం నుంచీ ఉన్నదే, కాకపోతే దీనికి ఒకటి కాదు, నాలుగు రూపాలు గుర్తుంటాయి. విద్యుత్తు తగిలితే నాలుగు ఊపిర్ల కాలంలో స్కూటరు కాస్తా రేసు బండి అవుతుంది, మట్టిదారి బండి అవుతుంది, పెద్ద టూరర్ అవుతుంది. బరువు మాత్రం ఎప్పుడూ నూట పది కిలోలే. పెద్ద రూపంలో ట్యాంకూ పెట్టెలూ లోపలంతా డొల్ల. రూపం మార్చడానికి మీటా, బొత్తామూ ఏమీ లేవు. హ్యాండిల్ చుట్టూ నాడిపట్టీ అనే సెన్సర్ ఉంటుంది. ఏ రూపంలో నడిపేవాడి ఒంటికి నెమ్మది ఎక్కువో అది కనిపెట్టి బండి ఆ రూపం తీసుకుంటుంది. అడిగినదానికి మాటల్లో జవాబు కూడా చెబుతుంది.

టూరర్లు తయారుచేసే పాత కంపెనీతోనే ఉంటాడా, కామరూపికి మారతాడా అన్నది ఆ సాయంత్రం ఆరింటికల్లా గుప్తా తేల్చాలి. లెక్క తప్పితే యాభై నాలుగేళ్ల వయసులో మళ్లీ మొదటి మెట్టు ఎక్కాలి. అందుకే పొద్దున్నే ఋషికొండ వచ్చి కూర్చున్నాడు.

"నా బుర్ర పనిచెయ్యడం లేదు గుప్తాగారూ," అంది డాక్టర్ బొడ్డేపల్లి హైమ. కామరూపిని తయారుచేసింది ఆవిడే. గోడ నిండా పటం. నలభైమంది ఆర్నెల్లపాటు ఈ బండి నడిపిన దారులన్నీ అందులో వెలుగుతున్నాయి. "రోడ్డు మారినచోట రూపం మారాలి కదా. ఇక్కడ రోడ్డూ అదే, బరువూ అదే. బండి మాత్రం మారిపోతోంది. చూడండి, ఈవిడ పెందుర్తి టీచరు సత్యవేణిగారు. ఇంటిదగ్గర స్కూటరు. బడి గేటు యాభై గజాలుందనగా పెద్ద బండి."

"గేటు దగ్గర పిల్లలుంటారా?"

"ఉంటారు. దానికీ దీనికీ ఏంటి సంబంధం?"

"ఇంకొకటి చెప్పండి."

"చోడవరం పశువుల డాక్టరు. అత్తారి వీధి మొగలో పెద్దదైంది. ఆయనకు కాళ్లు నేలకి అందవు. గుమ్మం ముందు ఆపబోయి పడ్డారు."

"బామ్మర్దులు లేపారా?"

"ముగ్గురు కావాల్సొచ్చిందిట. పడ్డాక కూడా బండి పెద్దగానే ఉంది. ఒంటికి నెమ్మదిగానే ఉందని నాడి చెప్పింది. బండి కింద ఉన్నవాడికి నెమ్మదేంటండీ?"

గుప్తా నవ్వు ఆపుకున్నాడు. "మీరు నడుమూ మోకాళ్లూ లెక్కేశారమ్మా. నలుగురి కళ్లు లెక్కెయ్యలేదు."

హైమ పటం కేసి చాలాసేపు చూసింది. టీ కొట్లు, కల్యాణమండపాలు, పాత స్నేహితుల వీధులు. బండి పెరిగిన చోట్లన్నీ అవే.

"అయితే ఇది పనికొచ్చినట్టా, రానట్టా?"

"అదే నాకూ తేలట్లేదు," అన్నాడు. నలభైమందిలో ముప్ఫై ఏడుగురి కింద బండి పెద్దదైంది. అలా చూస్తే, కొంటే పెద్ద బండే కొనాలన్న తన మాట నిజం. కానీ మొత్తం తిరిగిన దూరంలో పెద్ద రూపం నూటికి రెండు పాళ్లు. ఇలా చూస్తే తను ఇన్నేళ్లూ అమ్మింది అబద్ధం. ఒకే సరుకు తక్కెట్లో రెండువైపులా మొగ్గుతుంటే ఏ వర్తకుడికైనా తల తిరుగుతుంది.

"నన్నోసారి నడపనివ్వండి," అన్నాడు చివరికి. "నాకెవరి కళ్లతోనూ పనిలేదు. నా కింద ఇది రోడ్డుకు తగ్గట్టు నడిస్తే సరుకు మంచిదే. తేడా మనుషుల్లోనని తేలిపోతుంది."

అతను కూర్చోగానే కామరూపి బుద్ధిగా స్కూటరైంది. మద్దిలపాలెంలో షాపు ముందు ఆపితే మేనేజరు అప్పలసూరి బయటికొచ్చాడు.

"ఏ రూపమైనా వచ్చే బండెక్కి స్కూటరే చేసుకున్నారా సేటుగారూ?"

"మన పనికి ఇదే ఎక్కువరా," అన్నాడు గుప్తా. ఒంటికి ఎంతో హాయిగా ఉంది.

పెందుర్తి దాటాడు, శృంగవరపుకోట దాటాడు. అనంతగిరి ఘాట్ మొదలైంది. కొత్తగా వేసిన నున్నటి తారు. స్కూటరు చాలు, ఇంకేమీ అక్కర్లేదు. మూడో మలుపు దాటాక ముందూ వెనకా మనుషులన్నవాళ్లు లేరు.

అప్పుడు బండి పెరగడం మొదలుపెట్టింది. సీటు లేచింది, హ్యాండిల్ వెడల్పయింది, పక్కల పెట్టెలు పొంగాయి. గుప్తా భయపడి ఓ గట్టువారగా ఆపాడు. కాలివేళ్లు కూడా నేలకి అందలేదు. స్టాండు దానంతటదే దిగింది.

"ఏమైంది నీకు?"

"ఏమీ కాలేదండి," అంది బండి.

"రోడ్డు బాగానే ఉంది కదా. చూసేవాళ్లు కూడా లేరు. ఎవరికోసం ఇది?"

"మీ నాడిని బట్టేనండి. షాపు ముందు మీకు స్కూటరు మీదే నెమ్మదిగా ఉంది. ఇక్కడ ఇలా ఉంటేనే నెమ్మదిగా ఉంది."

"అదెలా కుదురుతుంది? నాకు కొండతో పనిలేదే."

"అది నాకు తెలీదండి. పని సంగతి నాడిలో ఉండదు. ఎక్కడిదాకా వెళ్దాం?"

గుప్తా పైకి తిరిగే మలుపు కేసి చూశాడు. అరకు అందామనుకున్నాడు, అక్కడేం పని? పాడేరు, ఆ పైన ఒడిశా, ఇంకా పైన పేరు తెలియని ఊళ్లు. ఒక్కొక్కటీ తూచి చూశాడు, ఒక్కదానికీ ధర కట్టలేకపోయాడు. గుండె మాత్రం తీరిగ్గా కొట్టుకుంటోంది. ఎంతసేపు అలా కూర్చున్నాడో అతనికే తెలియదు.

ఆరుకు పావు తక్కువలో ఫోను మోగింది.

"గుప్తాగారూ, హైమని. టైమైపోతోంది."

ఆ గొంతు వినగానే అతని కింద బండి మెల్లగా కుంగింది. పెట్టెలు లోపలికి ముడుచుకున్నాయి, సీటు దిగింది. రెండు పాదాలూ తారు మీద ఆనాయి.

"ఇంతకీ మీ కింద ఏ రూపంలో ఉందండీ?"

గుప్తా కిందికి చూసుకున్నాడు.

"స్కూటరేనమ్మా."

"హమ్మయ్య. అయితే సరుకు మంచిదే కదా? కామరూపికి మారతారా?"

గుప్తా హ్యాండిల్ చుట్టూ ఉన్న నాడిపట్టీని బొటనవేలితో తడిమాడు.

"పెద్ద బండ్లే ఉంచుకుంటానమ్మా," అన్నాడు. "అవి మారవు. ఎవడు ఎందుకు కొన్నాడో ఎవరికీ తెలీదు."

హైమ ఇంకేదో అడగబోతుంటే ఫోను పెట్టేశాడు. జేబులో వేసుకుని, హ్యాండిల్ రెండు చేతులా పట్టుకుని, బండి మళ్లీ పెరిగి కాళ్లు నేల వదిలేదాకా కదలకుండా కూర్చున్నాడు.