వలిసె చేలో నీలిచారలు

తెల్లవారగానే గూటిస్తంభాల మూతలు తెరుచుకున్నాయి. అరకు లోయలో పచ్చగా విరబూసిన వలిసె చేల మీదికి వాటిలోంచి మరతుమ్మెదలు గుంపులుగా దిగాయి. తేనెటీగలు కనుమరుగయ్యాక పువ్వు నుంచి పువ్వుకు పుప్పొడి మోసే పని ఈ యంత్రాలదే. అవి రాకపోతే గింజ కట్టదు. అందుకే లోయలో ఎవరూ వాటిని తప్పుపట్టరు. సత్యవేణి మాత్రం తల తిప్పుకుంది.

"ఇటు రా వేణీ, మెల్లగా," గట్టు పక్క నుంచి పిలిచాడు ఆమె భర్త పైడిరాజు.

ఎండు గడ్డిపరకను నోటితో కరిచి పట్టుకుని ఒక తేనెటీగ నిద్రపోతోంది. పొట్ట మీద నీలిచారలు. ఒళ్లంతా మంచు.

సత్యవేణి మోకాళ్ల మీద కూర్చుని కెమెరాకు సూక్ష్మకటకం బిగించింది. తెర మీద ఆ జీవి అరచేయంత అయింది. వెంట్రుక వెంట్రుకకూ ఒక మంచుబొట్టు, బొట్టు బొట్టులోనూ తలకిందులుగా వలిసె చేను. ఆమె వరసగా ఫొటోలు తీసింది. అంతలోనే ఆమె చేతులు ఆగిపోయాయి.

నిరుడు ఇలాంటి ఫొటోయే ఆమె పరువు తీసింది. నిజమైన తేనెటీగ దొరికిందని ఆమె ప్రకటిస్తే, అది కొత్తరకం మరతుమ్మెద అని కీటక నిర్ధారణ మండలి తేల్చేసింది. సగం జీవితం పురుగుల వెంట తిరిగిన మనిషి నలుగురికీ నవ్వులాట అయింది. ఆ తరవాత ఆమె కెమెరా ముట్టలేదు. ఇవాళ పైడిరాజే బతిమాలి తీసుకొచ్చాడు. అతను మరతుమ్మెదలు బాగుచేసే షెడ్డులో మెకానిక్. ఈమధ్య ఇంటికి ఆలస్యంగా వస్తున్నాడు. అడిగితే పనెక్కువ అంటున్నాడు.

"మీకిది ఎలా కనబడింది?"

"గూళ్లు బాగుచెయ్యడానికి వచ్చినప్పుడు ఓపాలి ఎగురుతుంటే చూసినాను. అప్పట్నుంచి పని దిగినాక ఇటే తిరుగుతున్నాను, ఎక్కడ పడుకుంటాదో చూద్దామని."

"పనెక్కువని చెప్పారుగా?"

"దొరక్కపోతే? ఉత్తినే నీకు ఆశ పెట్టడం దేనికి?"

జవాబు మరీ అమరినట్టుగా తోచింది ఆమెకు.

"నిజం చెప్పండి. షెడ్డు నుంచి తెచ్చి మీరే పెట్టారా?"

"నానెందుకు పెడతాను?"

"నా దిగులు పోతుందని."

పైడిరాజు ఆమె మొహంలోకి చూశాడు. "నీతో అబద్ధం చెప్తానేటి వేణీ?"

ఆమె మళ్లీ తెర వైపు చూసింది. కొత్త యంత్రాలకు వెంట్రుకలుంటాయి. శక్తి ఆదా కోసం అవీ నిద్రపోతాయి. ఇనుము లేదు కనుక అయస్కాంతానికి అంటుకోవు. తెరిచి చూస్తే తప్ప తేడా తెలియదు. అంతలో ఎండ తగిలి తేనెటీగ మీసాలు కదిలాయి. ఎగిరిపోతే ఇంకెప్పటికీ తెలియదు. సత్యవేణి చెయ్యి చాచి దాన్ని రెండు వేళ్ల మధ్య నొక్కింది.

వేళ్లకు తడి తగిలింది. తీగ ముక్క ఒక్కటి కూడా లేదు.

పైడిరాజు ఊగుతున్న గడ్డిపరకను చూస్తూ నిలబడ్డాడు.

మండలి ఆ కళేబరాన్ని పరీక్షించి, నిజమైనదేనని ఒప్పుకుంది. మిగిలిన తేనెటీగలేవైనా ఉంటే వాటికి అడ్డు రాకుండా ఆ పక్క గూటిస్తంభాలన్నీ పీకించింది. సత్యవేణి పేరు మళ్లీ అందరి నోళ్లలో నానింది. ఇంట్లో పైడిరాజు మామూలుగానే ఉన్నాడు. కూర బాగుందంటాడు, బజారుకు వెళ్తూ ఏం కావాలో అడుగుతాడు.

వానాకాలంలో ఒక పొద్దున ఆమె పెరట్లోకి వస్తే, అతను గుమ్మడిపాదు మీదికి వంగి కదలకుండా చూస్తున్నాడు. ఆ మొహంలో వెలుగు చూసి ఎన్నాళ్లయిందో.

"ఏముందక్కడ?" అంది.

అతను నిటారుగా లేచి, పువ్వుకు అడ్డంగా నిలబడ్డాడు.

"ఏం లేదు," అన్నాడు.

వెనకాల ఆకుల్లో ఏదో సన్నగా రొద చేస్తోంది. అది గోడ దాటి వెళ్లేదాకా పైడిరాజు అక్కడి నుంచి కదల్లేదు.